90 పరీక్షల ప్యాకేజీలో మందుల గడి లేదు

నాకు టకయాసు ఆర్టరైటిస్ ఉంది. ఎడమ మణికట్టు దగ్గర నాడి దొరకదు. ఆ చేతికి బీపీ పట్టీ చుడితే యంత్రం గాలి ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి, చివరకు అంకె ఏమీ చూపకుండా ఊరుకుంటుంది. ఎనిమిదేళ్లుగా మూడు నెలలకోసారి రక్తపరీక్షలు చేయించుకుంటున్నదాన్ని కాబట్టి, హైదరాబాద్‌లో ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్లే ఒక ప్రైవేటు ల్యాబు ‘గుండె, రక్తనాళాలు, ఇన్‌ఫ్లమేషన్’ పేరుతో అమ్ముతున్న ఏడాది ప్యాకేజీని నిరుడు కొన్నాను. ఒక్కో విడతలో 90 పరీక్షలు, ఏడాదికి మూడు విడతలు. రెండు విడతలు నేను వాడుకున్నాను. మూడోదాని సంగతి చివర్లో చెబుతాను. ల్యాబు పేరు రాయడం లేదు. ఇటువంటి ప్యాకేజీలు అమ్మేవారు చాలామంది ఉన్నారు, పైగా నేను చెప్పబోయే లోపాల్లో సగం ఆ ల్యాబుకంటే ‘ప్యాకేజీ’ అనే పద్ధతికే చెందుతాయి.

జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పకపోతే సమీక్ష అర్థం కాదు. 1908లో మికితో టకయాసు అనే జపాన్ కంటివైద్యుడు ఒక యువతి కంటిలోపల రక్తనాళాలు దండలాగా అల్లుకుని ఉండటం గమనించి రాశాడు. గుండె నుంచి బయలుదేరే ప్రధాన ధమని అయిన బృహద్ధమని గోడల్లోనూ, దాని నుంచి మెడకు, చేతులకు, మూత్రపిండాలకు వెళ్లే పెద్ద కొమ్మల గోడల్లోనూ రోగనిరోధక వ్యవస్థ తెచ్చిపెట్టే దీర్ఘకాలపు వాపు (ఇన్‌ఫ్లమేషన్) దీని మూలమని తర్వాత తేలింది. వాచిన గోడ మందమై, లోపలి దారి ఇరుకై, నాడి బలహీనపడుతుంది. ఎక్కువగా నలభై ఏళ్ల లోపు స్త్రీలకు వస్తుంది. మన దేశంలో మూత్రపిండాల ధమనులు ఇరుకై బీపీ పెరగడం తరచుగా కనిపిస్తుంది. ఈ వాపును అణచడానికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, దాంతోపాటు మెథోట్రెక్సేట్ వంటి మందు వాడతారు. నేనూ ఆ రెండూ వాడుతున్నాను. ఒకవైపు జబ్బు, మరోవైపు స్టెరాయిడ్ తెచ్చే చక్కెర, కొవ్వు, బరువు, బీపీ కలిసి గుండెజబ్బును మామూలు వయసుకంటే ముందే పిలిచే ప్రమాదం ఉంది. అందుకే వాపును చూపే అంకెలతో పాటు చక్కెర, కొలెస్ట్రాల్ అంకెలు కూడా నాకు కావాలి. రెండూ ఒకే చోట దొరుకుతాయన్న ఆశతోనే ఈ ప్యాకేజీ కొన్నాను.

బుక్ చేయడం సులభం. ఫోన్‌లో పేరు, వయసు, ఎత్తు, బరువు, పొగతాగే అలవాటు, రోజూ ఎన్ని అడుగులు నడుస్తారు అన్నీ అడిగారు. ‘ప్రస్తుతం వాడుతున్న మందులు’ అనే గడి మాత్రం లేదు. ఆ రోజు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. రెండు రిపోర్టులూ చేతికి వచ్చాక చూస్తే, నా ఫిర్యాదులన్నీ ఆ లేని గడి దగ్గరే మొదలవుతున్నాయి.

ఉదయం ఆరున్నరకు వస్తామన్న కుర్రవాడు ఏడు నలభైకి వచ్చాడు. పరగడుపున ఉండాలి కనుక స్టెరాయిడ్ మాత్ర కూడా ఆగింది. ఆ మాత్ర ఖాళీ కడుపున వేసుకోకూడదు. మనిషి మాత్రం నెమ్మదస్తుడు, పనిమంతుడు. “మేడమ్, ఎడమ చెయ్యి ఇవ్వండి” అన్నవాడు, ఆ చేతిలో నాడి లేదని చెప్పగానే ఇంకో ప్రశ్న వేయకుండా కుడి చేతికి మారాడు. ఒకే పోటుకు రక్తం దొరికింది. ఊదా మూత గొట్టం, బూడిదరంగు మూత గొట్టం, రెండు పసుపు మూత గొట్టాలు నింపి, వాటిని ఐస్ ప్యాక్ ఉన్న పెట్టెలో పెట్టుకున్నాడు. ఇంకా ఎన్ని ఇళ్లు ఉన్నాయని అడిగితే ఆరు అన్నాడు. ఆ ఆరిళ్లు తిరిగి, ట్రాఫిక్ దాటి, నా రక్తం ల్యాబుకు చేరేసరికి ఎంత సమయం పట్టిందో రిపోర్టులోనే ఉంది: రక్తం తీసిన సమయం 7:48, ల్యాబులో అందిన సమయం 12:20. ఈ రెండు సమయాలూ దాచకుండా ముద్రించినందుకు ఆ ల్యాబును మెచ్చుకోవాలి. చాలామంది చూడని ఆ ఒక్క వరుసే ఆ తర్వాతి అంకెల్లో కొన్నింటిని ఎంతవరకు నమ్మాలో చెబుతుంది.

ఉదాహరణకు హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం. రక్తం గొట్టంలోకి వచ్చాక కూడా ఎర్రకణాలు దీన్ని తయారుచేసి బయటికి వదులుతూనే ఉంటాయి. అందుకే గొట్టాన్ని వెంటనే ఐసులో పెట్టి, గంటలోపు కణాలను విడదీయాలంటారు. లేకపోతే గంట గంటకూ అంకె సుమారు పదో వంతు చొప్పున పెరుగుతూ పోతుంది. నా మొదటి విడత రిపోర్టులో ఇది 19 మైక్రోమోల్‌గా వచ్చింది. మామూలుగా 15 దాటకూడదు. పక్కన ఎర్ర గీత, దాని కింద ‘మీ రక్తనాళాలు ప్రమాదంలో ఉన్నాయి’ అనే వాక్యం. రక్తనాళాల జబ్బుతోనే బతుకుతున్న మనిషికి ఆ వాక్యం ఎలా వినిపిస్తుందో రాసినవారు ఊహించి ఉండరు. పది రోజుల తర్వాత, మా డాక్టరు ఉన్న ఆసుపత్రి ల్యాబులోనే రక్తం ఇచ్చి, అక్కడే విడదీయించి చూస్తే 11 వచ్చింది. ఆ పది రోజుల్లో నేను మందు మార్చలేదు, విటమిన్ వేసుకోలేదు. నాలుగున్నర గంటలు ఎర్రకణాలతో కలిసి ప్రయాణం చేసిన గొట్టం తప్ప ఈ తేడాకు నాకు వేరే కారణం కనిపించలేదు. నిజంగా 19 ఉన్నా ఏం చేయాలన్నది మరో ప్రశ్న. బి12, ఫోలిక్ యాసిడ్ తక్కువైనా ఈ అంకె పెరుగుతుంది, మెథోట్రెక్సేట్ ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడుతుంది కనుక దాన్ని వాడేవారు ఫోలిక్ యాసిడ్ మీద శ్రద్ధ పెట్టాలి. అయితే విటమిన్లతో హోమోసిస్టీన్‌ను తగ్గించినంత మాత్రాన గుండెపోట్లు తగ్గలేదని 2006లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు చూపాయి. ఇంటికి వచ్చి తీసుకువెళ్లే ప్యాకేజీలో ఇది ఉండదగిన పరీక్ష కాదని నా అభిప్రాయం.

ఈఎస్ఆర్‌కు కూడా ఆలస్యం చెరుపే చేస్తుంది, కాకపోతే వ్యతిరేక దిశలో. నిలువు గొట్టంలో గంటసేపట్లో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూడటమే ఆ పరీక్ష. వాపు ఉన్నప్పుడు కాలేయం ఫైబ్రినోజెన్ వంటి ప్రొటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది, వాటివల్ల ఎర్రకణాలు నాణేల దొంతరలాగా అతుక్కుని తొందరగా దిగుతాయి. వందేళ్ల నాటి పరీక్షే అయినా మా జబ్బులో దానికి ఇప్పటికీ విలువ ఉంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న రక్తంతో దీన్ని నాలుగు గంటలలోపు మొదలుపెట్టాలి. రక్తం పాతబడితే కణాలు ఆకారం మారి నెమ్మదిగా దిగుతాయి, ఉన్న వాపు కూడా తక్కువగా కనిపిస్తుంది. రక్తహీనత ఉంటే దీనికి విరుద్ధంగా వాపు లేకపోయినా అంకె పెరుగుతుంది. ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే కనుక, హిమోగ్లోబిన్‌ను పక్కన పెట్టుకోకుండా ఈఎస్ఆర్ ఒక్కదాన్నే చూసి కంగారుపడటం గానీ నిశ్చింతగా ఉండటం గానీ తగదు.

ఇక ఈ ప్యాకేజీకి తలమానికంగా ప్రచారం చేసే సీఆర్పీ. ఇదీ కాలేయం తయారుచేసే ప్రొటీనే. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో, న్యుమోనియా రోగుల రక్తంలో మొదట గుర్తించారు. వాపు సంకేతాన్ని మోసే ఇంటర్‌ల్యూకిన్-6 చెప్పగానే కాలేయం దీన్ని తయారుచేయడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. వాపు తగ్గితే దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ దిగిపోతుంది. ఈఎస్ఆర్ వారాల తరబడి వెనకబడి నడిస్తే, సీఆర్పీ దాదాపు నిన్నటి సంగతే చెబుతుంది. సూక్ష్మ స్థాయిలను కూడా కొలవగలిగే పద్ధతినే హెచ్ఎస్-సీఆర్పీ అంటారు, ప్యాకేజీలో ఇచ్చేది అదే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండెజబ్బు ముప్పు తక్కువ, 1 నుంచి 3 వరకు మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అన్న విభజన 2003లో అమెరికా హృదయ వైద్య సంఘం, ఆ దేశపు ప్రజారోగ్య సంస్థ కలిసి చెప్పినది. రిపోర్టులోని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు అక్కడివే.

నాకు 14.2 వచ్చింది. ఎర్రపట్టీ దాటి, ముద్రించిన మీటరు చివరన ముల్లు ఆగింది. ‘గుండెపోటు ముప్పు: అత్యధికం’ అని ఉంది. ఆ మాట తప్పు. అంకె 10 దాటినప్పుడు దాన్ని గుండె ముప్పుగా చదవకూడదు, ముందు జలుబో, పంటినొప్పో, మరో వాపో కారణమేమో చూసి, అది తగ్గాక మళ్లీ చేయించాలని అదే 2003 ప్రకటన చెబుతుంది. పట్టీల రంగులు అక్కడినుంచి తెచ్చుకున్నవారు పక్కనే ఉన్న ఈ షరతును మాత్రం వదిలేశారు. నా విషయంలో ఆ 14.2 గుండెపోటు జోస్యం కాదు, నా జబ్బు మళ్లీ కదులుతోందా అన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు కోసం పాత రిపోర్టు తీస్తే, అందులో సీఆర్పీ 0.6 అని ఉంది. ఒక నిమిషం పాటు ఇరవై రెట్లకు పైగా పెరిగిందనుకుని కూర్చుండిపోయాను. తర్వాత చూస్తే పాత అంకె డెసిలీటరుకు లెక్క, కొత్తది లీటరుకు. అంటే 6 నుంచి 14.2కు పెరిగింది, రెండు రెట్లు దాటింది, అంతే. అది తక్కువేమీ కాదు, డాక్టరుకు చూపించాల్సిందే. కానీ రెండు రెట్లకూ ఇరవై రెట్లకూ మధ్య ఒక రాత్రి నిద్ర ఉంది. ల్యాబు మారేవారందరూ అంకెకంటే ముందు దాని పక్కనున్న ప్రమాణాన్ని చదవాలని నా మనవి.

హెచ్ఎస్-సీఆర్పీకి ఇంత పేరు రావడానికి కారణమైన పెద్ద అధ్యయనం జూపిటర్. కొలెస్ట్రాల్ మరీ ఎక్కువగా లేకపోయినా హెచ్ఎస్-సీఆర్పీ 2 లేదా అంతకుమించి ఉన్న 17,802 మందిలో కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ ఇచ్చి చూస్తే గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు 44 శాతం తగ్గాయని 2008లో ప్రకటించారు. 2017లో వచ్చిన కాంటోస్ మరో అడుగు ముందుకు వేసి, కొలెస్ట్రాల్ ముట్టుకోకుండా వాపును మాత్రమే తగ్గించే ఇంజక్షన్‌తోనూ అటువంటి ఘటనలు 15 శాతం వరకు తగ్గుతాయని చూపింది. రక్తనాళాల గోడల్లో వాపు గుండెజబ్బులో పాత్రధారి అని నమ్మడానికి ఇవి గట్టి ఆధారాలు. అయితే జూపిటర్‌లో ఎవరిని చేర్చుకోలేదో కూడా చూడాలి. తీవ్రమైన కీళ్లవాతం, లూపస్ వంటి వాపు జబ్బులున్నవారిని, నోటి ద్వారా చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారిని ముందే పక్కన పెట్టారు. అంటే నాలాంటి వారిని. మమ్మల్ని తీసేసి ఇతరులలో తేల్చిన అర్థాన్ని, మందుల గడి లేని ఫారం మీద తీసుకున్న నా రక్తానికి అంటించి ఎర్రరంగు పూయడం ఈ ప్యాకేజీలో నాకు అన్నిటికంటే మింగుడుపడని విషయం.

చక్కెర దగ్గర కూడా ఇదే జరిగింది, ఈసారి మాత్రం రంగు ఆకుపచ్చ. పరగడుపు చక్కెర 92. ‘అద్భుతం’ అని మెచ్చుకున్నారు. ఉదయం వేసుకునే ప్రెడ్నిసొలోన్ చక్కెరను ప్రధానంగా మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు, భోజనం తర్వాత పెంచుతుంది, తెల్లవారేసరికి చక్కెర మామూలు స్థాయికి దిగివస్తుంది. అందువల్ల స్టెరాయిడ్ వాడేవారికి పరగడుపు పరీక్ష ఒక్కటే చేస్తే దొంగ వెళ్లిపోయాక తలుపు తీసి చూసినట్టే. ప్యాకేజీలో భోజనం తర్వాత చేసే పరీక్ష లేదు, రెండోసారి ఇంటికి రావాలి కనుక ఉండదు కూడా. ఇంట్లో గ్లూకోమీటర్‌తో మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు చూసుకుంటే 188 ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ప్యాకేజీలో 6.3 వచ్చింది, అంటే మధుమేహానికి ముందు మెట్టు. ఇది ఉపయోగపడింది. కానీ ఇనుము లోపం ఉన్నవారిలో ఇది కూడా అసలుకంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. నాకు ఇనుము లోపం ఉందా లేదా అన్నది అదే రిపోర్టులో తేలాలి, తేలలేదు. ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 64 ఉండగా ‘సాధారణం’ అన్నారు. ఫెరిటిన్ కూడా వాపుతో పాటు పెరిగే ప్రొటీనే కనుక, వాపు ఉన్నవారిలో 64 అనే అంకె లోపాన్ని కప్పిపుచ్చి ఉండవచ్చు. ఒక అంకెను మరో అంకె పక్కన పెట్టి చదివే మనిషి లేకపోతే 90 పరీక్షలు 90 విడివిడి వాక్యాలుగానే మిగిలిపోతాయి.

కొవ్వు పరీక్షల్లో ల్యాబును మెచ్చుకోదగిన అంశం ఒకటుంది. చెడు కొవ్వును మోసే రేణువుల లెక్క చెప్పే అపోబి, గుండెజబ్బు ముప్పును పెంచే లైపోప్రొటీన్-ఎ రెండింటినీ చేర్చారు. లైపోప్రొటీన్-ఎ దాదాపు పూర్తిగా పుట్టుకతో వచ్చేది, దక్షిణాసియా వారిలో తరచుగా ఎక్కువగా ఉంటుంది, తిండి మార్చినా పెద్దగా తగ్గదు. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. అందుకే రెండో విడతలోనూ దాన్నే చేసి లెక్కలో చూపడం ఎందుకో అర్థం కాలేదు. మామూలు కొలెస్ట్రాల్ విషయంలో మా జబ్బువారు తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. వాపు బాగా ఉన్న రోజుల్లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) రెండూ తగ్గి కనిపించవచ్చు, చికిత్సతో వాపు అణగినప్పుడు అవి తిరిగి పైకి రావచ్చు. రెండు విడతల మధ్య నా ఎల్‌డీఎల్ 98 నుంచి 121కి పెరిగింది, అదే సమయంలో సీఆర్పీ 14.2 నుంచి 4కు దిగింది. ‘మీ జీవనశైలి దెబ్బతింటోంది’ అని రిపోర్టు మందలించింది. స్టెరాయిడ్ మోతాదు పెంచిన మూడు నెలలవి; జీవనశైలిని తప్పుపట్టడానికి ముందు అడగవలసింది మందు గురించి.

90 అనే సంఖ్య సంగతి క్లుప్తంగా చెబుతాను. రక్తకణాల లెక్క ఒక్కటే ఇరవైకి పైగా అంకెలిస్తుంది, వాటన్నిటినీ విడివిడి పరీక్షలుగా లెక్కపెట్టారు. కొలెస్ట్రాల్‌ను కొలెస్ట్రాల్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తులూ లెక్కలోకి వచ్చాయి. న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తిని ‘కొత్త తరం ఇన్‌ఫ్లమేషన్ సూచిక’ అని చూపారు. స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ను పెంచి, లింఫోసైట్స్‌ను తగ్గిస్తుంది కాబట్టి నా విషయంలో అది నేను మాత్ర మరచిపోలేదని చెప్పే సాక్ష్యం మాత్రమే. మొదటి పేజీలో ల్యాబులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తు ఉంది, అది మంచిదే. కానీ ఆ గుర్తింపు ల్యాబుకు గంపగుత్తగా కాక పరీక్షల వారీగా ఇస్తారు. పరిధిలో లేని పరీక్షల పక్కన చుక్క గుర్తు పెట్టి, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో చెప్పారు. హోమోసిస్టీన్ పక్కన ఆ చుక్క ఉంది.

రిపోర్టుతో పాటు ఉచితంగా ఇచ్చే ఆహార సలహా ఫోన్ కూడా వచ్చింది. మాట్లాడినావిడ మర్యాదగా, ఓపిగ్గానే మాట్లాడారు. అన్నం మానేసి కొర్రలు తినమన్నారు, రోజూ పదివేల అడుగులు నడవమన్నారు. స్టెరాయిడ్ వాడుతున్నానని చెబితే ఒక క్షణం ఆగి, “అది మా ఫారంలో లేదండీ” అన్నారు. ఆమెను తప్పుపట్టలేను. ఆమె ముందున్న తెరలో నేను పొగతాగని, అంతగా నడవని ఒక ఆడమనిషిని మాత్రమే.

పద్నాలుగు పేజీలనూ మా రుమటాలజిస్టు (కీళ్లు, రోగనిరోధక వ్యవస్థ జబ్బుల వైద్యుడు) దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన నాలుగు అంకెల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టారు: హిమోగ్లోబిన్, ఈఎస్ఆర్, సీఆర్పీ, కాలేయపు ఎంజైము. చివరిది మెథోట్రెక్సేట్ కాలేయాన్ని దెబ్బతీస్తోందేమో చూడటానికి. తర్వాత కాగితాలు పక్కన పెట్టి రెండు మణికట్లూ పట్టుకున్నారు, మెడ మీద, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు, కాళ్లకు కూడా బీపీ చూశారు. ఎందుకంటే మా జబ్బులో రక్తం పూర్తి సాక్షి కాదు. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వైద్యులు 60 మంది టకయాసు రోగుల అనుభవాన్ని ప్రచురించినప్పుడు, జబ్బు నిద్రపోయిందనుకుని శస్త్రచికిత్స చేసినవారి రక్తనాళపు ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూస్తే దాదాపు సగం మందిలో వాపు ఇంకా రగులుతూనే ఉందని తేలింది. మన దేశపు రుమటాలజిస్టులు తయారుచేసిన ఐటాస్ 2010 అనే కొలమానం కూడా నాడి, బీపీ, గుండె, మెడ దగ్గర వినిపించే శబ్దం వంటి వాటికే మొదటి పీట వేసి, ఈఎస్ఆర్, సీఆర్పీలను అదనపు అంశంగా మాత్రమే చేర్చింది. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ వాడేవారిలోనైతే సీఆర్పీ తయారయ్యే దారే మూసుకుపోతుంది. గోడలో ఏం జరుగుతున్నా అంకె మాత్రం బుద్ధిగా ఉంటుంది. అటువంటివారు ఈ ప్యాకేజీలోని పచ్చరంగును చూసి స్కానింగ్ వాయిదా వేసుకుంటే నష్టపోతారు.

నేనిప్పుడు ఆసుపత్రి ల్యాబులోనే, డాక్టరు రాసిన ఆరు పరీక్షలు మాత్రం, ప్రతిసారీ అక్కడే, దాదాపు అదే వేళకు చేయించుకుంటున్నాను. ఖర్చు ప్యాకేజీ విడతలో సగం కూడా కావడం లేదు, ఆటో ఛార్జీ కలిపినా. ఉదయం క్యూలో నలభై నిమిషాలు నిలబడాల్సి వస్తోంది, ఇంటికి వచ్చిన ఆ కుర్రవాడి చేతి నేర్పు అక్కడ లేదు, ఒక్కోసారి రెండు పోట్లు పడుతున్నాయి.

మూడో విడత డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే కుదరదన్నారు, కుటుంబంలో మరొకరి పేరుకు మార్చుకోవచ్చన్నారు. మా ఆయన పేరుకు మార్చాం. ఆయనకు నలభై నాలుగేళ్లు, ఏ మందులూ వాడరు, వాళ్ల నాన్నగారికి యాభై రెండో ఏట గుండెపోటు వచ్చింది. ఆ ఫారం ఆయనకు కుట్టినట్టు సరిపోయింది. హెచ్ఎస్-సీఆర్పీ 1.1 వచ్చింది, లైపోప్రొటీన్-ఎ డెసిలీటరుకు 78 మిల్లీగ్రాములు వచ్చింది. 50 దాటితే ఎక్కువ అంటారు. వచ్చే వారం ఆయన గుండె డాక్టరును కలవబోతున్నారు.